కోటలో ఒక ఆదివారం

మొన్నొక ఆదివారంనాడు మా సంఘం పిల్లలను వెంటబెట్టుకొని బెంగుళూరు కోట చూడబోయినాము. పెద్దలం ముగ్గురం, పిల్లలు పద్దెనిమిది మంది, రెండు డబ్బాల పులిహోర. కృష్ణరాజేంద్ర మార్కెట్ మెట్రో స్టేషనులో దిగితే కోట ఎదురుగానే ఉన్నది. ఇన్నేళ్ళుగా పూలకూ కూరలకూ ఆ మార్కెట్టుకు వచ్చిపోతూ ఒక్కసారి కూడా లోపలికి తొంగిచూడని మేము, పిల్లల పుణ్యమా అని ఆనాడు గవిని దాటినాము.

చూడగానే పిల్లలు నిరాశపడినారు. "ఇంతేనా?" అన్నారు. ఇంతే మరి. ఒకప్పుడు కోడిగుడ్డు ఆకారంలో ఊరంత పరచుకొన్న కోటలో నేడు మిగిలినది ఢిల్లీ దర్వాజా, దాని చుట్టూ కొంత గోడ, లోపల చిన్న గణపతి గుడి. తక్కినదంతా పడగొట్టి బడులు, ఆస్పత్రులు, రోడ్లు వేసుకొన్నారు.

మేము మాత్రం ఉత్సాహంగానే మొదలుపెట్టినాము. 1537లో కెంపేగౌడ మట్టికోట కట్టించాడనీ, ఆయన పేర గంగాగౌరీవిలాసమనే తెలుగు యక్షగానం ఉన్నదనీ కాస్త గర్వంగానే చెప్పినాము. 1761లో హైదరాలీ దానిని రాతికోటగా మార్చినాడు. 1791లో కుంపిణీ సేనాపతి కారన్‌వాలీసు మార్చి 7న పేటను పట్టుకొని, ఫిరంగులతో కోటగోడ పగులగొట్టించి, 21వ తేదీ రాత్రి వెన్నెలలో సైన్యాన్ని లోపలికి తోలినాడు. ముసలి కిల్లేదారు బహదూర్ ఖాన్ కత్తి దించకుండానే పోరాడి పడిపోయినాడు. ఆయన దేహాన్ని పంపుతామని కారన్‌వాలీసు కబురు చేస్తే, అక్కడనే ఖననం చేయించమని టిపు సుల్తాను జవాబు పంపినాడట.

ఇక్కడ పిల్లలు నిశ్శబ్దమైనారు. అప్పుడొక ఏడో తరగతి కుర్రవాడు, "బాబాయిగారూ, మనవాళ్ళు లోపలున్నారా, బయటున్నారా?" అని అడిగినాడు.

మా ముగ్గురికీ నోట మాట రాలేదు. తరతరాలుగా ఈ ఊరివాళ్ళమని చెప్పుకొనే మాకు, లోపలనే ఉన్నామని చెప్పాలనిపించినది. కాని కారన్‌వాలీసు వచ్చిన దారి మాలో ఒకరి సొంత ఊరి దారి: చిత్తూరు, మొగిలి కనుమ, పలమనేరు, కోలారు. ఆయన వెంట నడిచినవారిలో మద్రాసు పటాలాల సిపాయిలున్నారు. ఆ పటాలాలలో తెలుగువారు ఎందరో. ఉత్తరాదిన కుంపిణీ సిపాయికి తెలంగా అనే పేరే పడిపోయినది. పిల్లవాడికి అబద్ధం చెప్పడమెందుకని, "బయటనే ఉన్నారు నాయనా" అన్నాము.

గోడ పగిలినచోట ఒక చలువరాతి ఫలకం ఉన్నది. మా వెంట వచ్చిన అమ్మాయి దానిలోని ఇంగ్లీషు గడగడా చదివింది. ఈ గండిద్వారానే బ్రిటిషువారి దాడి జరిగినదని అందులో ఉన్నది.

"బ్రిటిషువాళ్ళని మాత్రమే ఉందే! సిపాయిల మాట లేదు" అన్నాడు కుర్రవాడు.

"కిల్లేదారు పేరు కూడా లేదు" అన్నదా పిల్ల.

పులిహోర తిన్న తరువాత చెబుతామని తప్పించుకొన్నాము. తిన్నాడు, చేయి కడుక్కొన్నాడు, మరచిపోకుండా మళ్ళీ వచ్చి నిలబడినాడు. "అయితే ఆ తాతను చంపింది మనవాళ్ళేనా? ఎందుకు వచ్చారు?"

"జీతానికి వచ్చారురా" అన్నాము. నెల జీతం మీద బ్రతికేవాళ్ళమే గనుక, ఆ మాట మా నోట కొంచెం మెల్లగా వచ్చినది.