ఎనిమిదో ఈత

మా వైపు సంతలో ఆవు వయసెంత అని ఎవరూ అడగరు. నోరు తెరిచి కింది పళ్ళు చూస్తారు. కొమ్ము మీద వలయాలు వేలితో తడిమి, దానికి ఇంకో రెండేళ్ళు కలుపుకుంటారు. ఆ లెక్కన మా లచ్చికి పన్నెండు దాటాయి. (ఆవుకి పైన ముందు పళ్ళు ఉండవని మా హాస్టల్లో సగం మందికి తెలీదు. పందెం కాసి చూడండి.) కింద ఎనిమిది పళ్ళు ఐదేళ్ళకల్లా నిండుతాయి. ఆ తర్వాత ఇక అరగడమే.

మాది పాల్వంచ దాటాక, భద్రాచలం రోడ్డుకి లోపలగా, కిన్నెరసాని అడవి అంచున ఉన్న ఊరు. పోయినేడు లచ్చి ఎనిమిదో ఈత ఈనింది, పెయ్యదూడ. వారం తిరక్కముందే దాని కూతురు గౌరి తొలిచూలు ఈనింది. అదీ పెయ్యే. వరస చూస్తే లచ్చి పెయ్య గౌరి పెయ్యకి పిన్నమ్మ అవుతుంది, ఉన్నది ఒకటే కొట్టం. రెండింటినీ సాకే గడ్డి మాకు లేదు. ఒకటి అమ్మాలి. ఏది?

"ముసలిదాని కడుపున పుట్టింది నిలవదురా" అంటుంది నాయనమ్మ. తొలిచూలు దూడ సన్నంగా పుడుతుంది, ఎదగదు అంటాడు నాన్న. ఇద్దరూ ఒకేసారి ఎలా కరెక్టు అవుతారని సెలవుల్లో కూర్చుని చదివాను. తమాషా ఏంటంటే ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది.

కడుపులో దూడకి ఎప్పుడూ ఒక పోటీదారు ఉంటుంది. తొలిచూలు ఆవు తానే ఇంకా పెరుగుతుంటుంది కాబట్టి అక్కడ పోటీ తల్లి ఎముకలతో, కండతో. అందుకే ఆ దూడ మామూలుగా బరువు తక్కువ పుడుతుంది. ఈతలు ముదిరిన ఆవుకి ఆ గొడవ లేదు, కానీ పొదుగు ఉంది. ఈనిన మూడు నెలలకే మళ్ళీ కట్టిస్తాం కదా. చూడి దాదాపు 280 రోజులు. అందులో ఆరేడు నెలలు ఒక పక్క పాలు పిండుతూనే ఉంటాం. స్పెయిన్ పరిశోధకులు హోల్‌స్టీన్ ఆవుల మీద ఇదే లెక్క తీసి 2012లో ప్రచురించారు. తల్లి పాలిస్తున్నప్పుడు కడుపులో పెరిగిన పెయ్యలు, పాలు లేని కడుపులో పెరిగిన వాటికంటే 52 కిలోల పాలు తక్కువ ఇచ్చాయట, 16 రోజులు తక్కువ బతికాయట. తల్లి ఎంత ఎక్కువ పాలిస్తే కూతురికి అంత నష్టం. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు గానీ, ఆ చేలో మేసింది ఎవరి వాటాకి పోయిందన్నది అసలు ప్రశ్న.

కంగారు పడక్కర్లేదు. రోజుకి ఎనిమిది లీటర్లిచ్చే ఆవుకి 52 కిలోలంటే వారం పాలు కూడా కాదు. పైగా అవి షెడ్డులో పెట్టిన దాణా తిని బతికే ఆవులు. పూటకి లీటరు ఇచ్చే లచ్చికి పొదుగుతో పోటీ ఎంతని? దాని కష్టం వేరు. ఏప్రిల్ వచ్చేసరికి అడవిలో మిగిలేది మోడుగట్టిన గడ్డి. అరిగిన పళ్ళతో దాన్ని కొరకలేదు. మాకు ఆవు ముసలితనమంటే పుట్టిన సంవత్సరం కాదు, పళ్ళు. చూడి చివరి రెండు నెలలు లచ్చికి గడ్డి కోసి, తవుడు కలిపిన కుడితి పెట్టాడు నాన్న. దూడ బాగానే పుట్టింది. నాయనమ్మ మాట అక్కడ కొంచెం ఓడింది.

ముసలి తల్లి గెలిచే చోటు ఒకటుంది, జున్నుపాలు. మనిషి బిడ్డకి తల్లి రోగనిరోధక శక్తి కడుపులోనే కొంత అందుతుంది. దూడకి అలా అందదు, ఆవు మాయ దాన్ని దాటనివ్వదు. అంతా మొదటి పాలల్లోనే రావాలి, అదీ తొందరగా. గంట గంటకీ దూడ పేగు మూసుకుపోతుంటుంది, ఒక రోజు గడిస్తే దాదాపు ఏమీ ఎక్కదు. పన్నెండేళ్ళు ఇదే కొట్టంలో, ఇదే అడవిలో రకరకాల జబ్బులు చూసిన ఆవు పాలల్లో వాటికి విరుగుడు ఎక్కువ ఉంటుంది. తొలిచూలు ఆవు ఇంకా ఏం చూసిందని?

చెరకు రసంలో తీపి కొలిచే చిన్న రిఫ్రాక్టోమీటర్ ఒకటి ప్రాజెక్టు కోసం కొన్న సీనియర్ని అడిగి తెచ్చాను. జున్నుపాల చుక్క వేస్తే బ్రిక్స్ గీత 22 దగ్గరో పైనో ఉండాలి. లచ్చిది పైనే ఉంది. గౌరిది కిందే ఆగిపోయింది. లచ్చి మొదటి పాలు దూడ తాగగా మిగిలినవి సీసాల్లో పోసి ఫ్రీజర్లో పెట్టాను, గౌరి పెయ్య పుడితే గోరువెచ్చగా చేసి పట్టొచ్చని. అక్కడ మొదలైంది ఇంట్లో యుద్ధం.

"ఈనినింట్లో జున్ను పంచకపోతే ఊళ్ళో ఏమనుకుంటరు?" అంది నాయనమ్మ. ఆమెది పిసినారితనానికి సరిగ్గా వ్యతిరేకం. ఏడిళ్ళకి గిన్నెలు పంపకపోతే ఆమెకి అన్నం సయించదు. పైగా మాయ పడేదాకా దూడని పొదుగు దగ్గరికి రానివ్వకూడదని ఆమె పట్టు. ఆ మాయ పడేసరికి ఎనిమిది గంటలు పట్టొచ్చు. దూడకి అవే బంగారు గంటలు. పశువుల్ని తోలే కోయ పెద్దాయన గడపలో కూర్చుని అంతా విన్నాడు. "దూడ పాలు దూడవే కదమ్మా, మా గూడెంలో ముసలోళ్ళు పిండనే పిండరు" అన్నాడు. నా బ్రిక్స్ గీత చేయలేనిది ఆ ఒక్క మాట చేసింది. రెండో రోజు, మూడో రోజు పాలతో జున్ను వండి పంచింది. కాస్త పలచగా వచ్చిందని రెండిళ్ళు అన్నాయి, అననీ.

గౌరి పెయ్యకి దాని అమ్మమ్మ పాలు పట్టాం. పుట్టిన గంటలో లీటరున్నర, సాయంత్రం ఇంకో లీటరు. రెండు పెయ్యలూ మొదటి నెల విరేచనాలు లేకుండా గడిచాయి. రెండు దూడలతో ఏదీ రుజువు కాదని ప్రొబబిలిటీ చదివినవాడిగా నాకు తెలుసు. అయినా నాన్నకి చెప్పలేదు.

చివరికి ఏది అమ్మాలో తల్లి వయసు తేల్చలేదు. లచ్చి పెయ్య సగం జెర్సీ. గౌరికి మళ్ళీ జెర్సీయే వేయించారు కాబట్టి దాని పెయ్య ముప్పాతిక జెర్సీ. పాలు ఎక్కువే రావొచ్చు, కానీ మే నెల ఎండకి మా రేకుల కొట్టంలో నాలుక బయటపెట్టి రొప్పేది అలాంటిదే. ఖమ్మం వైపు ఫ్యాన్లున్న షెడ్డు ఆయన వచ్చి మంచి ధరకి తీసుకుపోయాడు. ఎక్కించేటప్పుడు గౌరి కంటే లచ్చే ఎక్కువ అరిచింది.

లచ్చి పెయ్య తల్లి వెంట అడవికి పోతోంది. ఏ వాగు దగ్గర నీళ్ళుంటాయో, చిరుత తిరిగే గుట్ట ఏదో, చీకటి పడకముందు ఎటు మళ్ళాలో లచ్చికి తెలుసు, పెయ్యకి తెలుస్తోంది. లచ్చి ఈసారి ఎదకు వస్తే కట్టించాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. గోపాలమిత్ర వచ్చిన ప్రతిసారీ నాన్న దాని నోరు తెరిచి చూస్తున్నాడు.