బిడారులో మొదటి దినము

సముద్రపుటొడ్డున నాలుగు దినములు హాయిగా గడిపి రావలెనన్న మాట మా యింట నిన్న మొన్న పుట్టినది కాదు. మా అత్తగారు కాపురమునకు వచ్చిన క్రొత్తలో, శ్రీకాకుళము చేరువనున్న మా పల్లెనుండి గూడుబండ్లలో శ్రీకూర్మమునకు పోయిరట. కూర్మనాథుని దర్శనమైన పిదప సముద్రస్నానము చేయవలెనని అందఱు ననుకొనిరి. కాని ఆడువారు నీరు తోడి, వంట చేసి, బిడ్డల కన్నము పెట్టి, గిన్నెలు తోమి లేచునప్పటికి ప్రొద్దు వాలెను, బండ్లు మఱలెను. మగవారు స్నానము చేసి వచ్చిరి. ఆడువారు అలల హోరు విని వచ్చిరి. ఏబదియైదేండ్లుగా ఆమె యీ మాటను నవ్వుచునే చెప్పుచుందురు. ఆ నవ్వులో కొంత వెలితి యున్నదని మేము గ్రహించుటకు చాలకాలము పట్టినది.

ఈ యేటి సంక్రాంతికి ఇంటిలోని అన్నదమ్ములు మువ్వురును ఒక యోచన చేసిరి. పడకలును, పొయ్యియు, నీళ్లతొట్టియు గల పెద్ద వ్యాను నొకదానిని అద్దెకు తెచ్చి, దాని వెంట మా కారును, సామానుల కొక చిన్న ఆటోబండిని నడిపించుకొని, విజయనగరమునుండి కళింగపట్నము చేరి, వంశధార సముద్రమున గలియు చోటికి దగ్గఱగా విడియవలెనని నిశ్చయించిరి. అత్తగారి కోరిక తీరును, పిల్లలకు వినోదమగును, హోటలు ఖర్చు తప్పును అని లెక్క చెప్పిరి.

"ఇల్లే మన వెంట వస్తూంటే మీ కింక శ్రమేమిటి?" అని మమ్ములను ఊరడించిరి.

మేము, అనగా తోడికోడండ్రము మువ్వురమును, మా ఆడుబిడ్డయు, ఒకరి మొగ మొకరము చూచుకొంటిమి. ఇల్లు వెంట వచ్చినచో ఇంటిపని మాత్రము వెనుక నిలిచిపోవునా? అయినను ఆ మాట పైకి అనక, బియ్యము కొలుచుటకు లోనికి పోతిమి. అదియే మా మొదటి తప్పు.

బిడారన్నచో మనకు పూర్వకాలపు వర్తకుల బండ్లబారు జ్ఞప్తికి వచ్చును. వినోదముకొఱకు ఇల్లువంటి బండిలో తిరుగుట పాశ్చాత్య దేశములలో ప్రబలినది. ఇంగ్లాండులో, నౌకాదళమున వైద్యుడుగా పనిచేసిన గోర్డన్ స్టేబుల్సు అను నతడు 1885లో 'వాండరర్' అను బండిని చేయించుకొని, గుఱ్ఱములచే లాగించుచు దేశము తిరిగెను. మా యింటి పెద్దబాలిక యీ వృత్తాంతమును ప్రయాణమునకు ముందు మాకు చెప్పినది. ఆయన వెంట బండి తోలువా డొకడును, సేవకు డొకడును ఉండిరట. సేవకుడు మూడుచక్రముల త్రొక్కుడుబండిపై ముందుగా పోయి త్రోవ చూచుచుండెడివాడట.

"మన బిడారుకి సేవకు డెవరు?" అని మాలో చిన్నామె యడిగినది. అందఱము నవ్వితిమి. ఆ ప్రశ్నకు జవాబు సాయంకాలమునకు గాని దొరకలేదు.

కనుమనాడు కాకియైనను కదలదని అత్తగారు బయలుదేర నీయలేదు. ముక్కనుమయు గడచిన పిదప, మఱునాటి వేకువ నైదు గంటలకు ప్రయాణమని నిర్ణయమైనది. కదలునప్పటికి తొమ్మిది గంటలు దాటినది. ఒకరు మజ్జిగకుండ పట్టుకొని నిలిచిరి; ఒకరు మాగాయ జాడీకి మూతగుడ్డ వెదకిరి; పిల్లలు తమకు కావలసిన పడక యేదో తేల్చుకొనుటకు వ్యానులో కలహించిరి. వీధితలుపు తాళము వేసిన పిదప తాళపుచెవి లోపలనే యున్నదని తెలిసినది. పెరటి గోడ దూకి దానిని తెచ్చిన నడిమివారి పంచె చినిగినది. ఇన్ని జాగ్రత్తలు పడియు, ఏ వస్తువు ఏ బండిలో నున్నదో వ్రాసికొనవలెనని పదునలుగురిలో నొక్కరికిని తోచలేదు.

నెల్లిమర్ల దాటి రామతీర్థము చేరునప్పటికే, త్రోవలోని ప్రతి మిట్టకును ఒక్కొక్క గిన్నె క్రిందికి దుమికినది. రామచంద్రునకు బండిలోనుండియే నమస్కరించుచుండగా మజ్జిగకుండ పడకపై ఒరిగెను. మాలో నడిమి యామె తన చీరకొంగుతో పరుపు తుడిచినది. తుడిచిన కొలది మజ్జిగ లోని కింకినదే గాని పైకి రాలేదు. రణస్థలము దగ్గఱ జాతీయ రహదారి యెక్కిన పిదప కొంత సుఖము గలిగినది. నాగావళి వంతెన దాటి, శ్రీకాకుళములో అరటిపండ్లు కొనుటకు ఆగితిమి. అక్కడ మా బిడారు రెండుగా చీలినది.

సామానుల ఆటో నడుపు కుఱ్ఱవాడు మూడు దినములుగా మా యింట అత్తగారి శ్రీకూర్మపు కథ వినుచుండెను. మన గమ్యస్థానము కళింగపట్నమని వాని కెవ్వరును చెప్పలేదు. ఎవరో యొకరు చెప్పియుందురని అందఱము ననుకొంటిమి. వాడు నిశ్చింతగా శ్రీకూర్మము పోయి, గుడి యెదుట బండి నిలిపి, మా కొఱకు ఎదురుచూచుచు నిద్రపోయెను. వాని చేతిఫోను జేబులో మ్రోగుచునే యున్నది.

బియ్యము వ్యానులో నున్నది. గిన్నెలు, పప్పు, ఉప్పు, అగ్గిపెట్టెలు, విస్తళ్లు ఆటోలో పోయినవి. కారులో నున్నవి పిల్లల బంతులును, మా పెద్దవారి వార్తాపత్రికయు మాత్రమే.

మధ్యాహ్నము రెండు గంటలకు కళింగపట్నము చేరితిమి. ఒకప్పుడు ఓడలు నిలిచిన రేవది. దీపస్తంభము, సరుగుడు తోపులు, వానికి ఆవల నీలపు నీరు కనబడగానే పిల్లలు కేకలు వేసిరి. అత్తగారు కిటికీ కడ్డీ పట్టుకొని యేమియు మాటాడక చూచుచుండిరి. ఆ క్షణముననే వ్యాను వెనుకచక్రము ఇసుకలో దిగబడినది. నీటి కింకను కొంచెము దగ్గఱగా పోనిమ్మని చెప్పినవారెవరో యిప్పటికిని మా యింట తేలలేదు.

మగవారు చక్రము చుట్టును చేరిరి. బెస్తపల్లెనుండి నలుగురు వచ్చి, చక్రము ముందు కొబ్బరిమట్టలు పఱచి, గాలి కొంచెము తీయుమని చెప్పి, త్రోయుటకు సాయపడిరి. ఇసుకలో టైరు గాలి తగ్గించినచో అది వెడల్పై పట్టు దొరకునని మే మప్పుడే తెలిసికొంటిమి. కాని వ్యాను పైకి వచ్చునప్పటికి గంటన్నర పట్టినది.

అంతవఱకు బిడ్డల ఆకలి ఆగదుగదా! వ్యాను ఒక ప్రక్కకు ఒరిగియుండుటచే లోని పొయ్యిమీద గిన్నె నిలువలేదు. గాలికి వెఱచి తలుపు లన్నియు మూసి లోపల మంట పెట్టుట ప్రమాదమని మాలో పెద్దామె వారించినది. అందుచే సరుగుడుచెట్ల క్రింద మూడు రాళ్లు పెట్టి, ఎండుపుల్లలు పోగుచేసితిమి. అగ్గిపెట్టెకై పెద్దబాలుని పల్లెకు పంపితిమి. చేప లెండబెట్టుచున్న యొక వృద్ధురాలు వానికి అగ్గిపెట్టె నిచ్చి, ఒక మాట గూడ చెప్పి పంపినదట. వాడు వచ్చి ఆ మాట చెప్పెను. అప్పుడు మేము పొగలో కన్నులు తుడుచుకొనుచు, పాలగిన్నెలో మూడు వాయిలుగా అన్నము వండుట యెట్లని తర్కించుచుంటిమి. వాని మాట మా చెవినిబడినది, మనస్సున కెక్కలేదు.

నాలుగు గంటలకు ఆటో వచ్చినది. ఇసుకతో కలిసిన అన్నమునకు మాగాయ కలిపి, విస్తళ్లు పఱచి, పిల్లలను పిలిచితిమి. ఆర్గురు రావలసినచోట ఐదుగురే వచ్చిరి.

అయిదేండ్ల చిన్నవాడు లేడు.

"వ్యాను దగ్గర మీతో ఉన్నా డనుకున్నాం" అని మేము. "పొయ్యి దగ్గర మీతో ఉన్నా డనుకున్నాం" అని వారు. ఈ రెండు వాక్యములు తప్ప మా యిన్నిమంది నోటను మఱియొక మాట రాలేదు. ఇంటియందు గోడలున్నవి, గడపలున్నవి, వీధితలుపున్నది. బిడ్డ యే గదిలో నున్నను అవి మా బదులు కావలి కాయుచుండును. ఇచ్చట ఏ గోడయు లేదు. ఎవరి పని వారిదనుకొనిన ఆ గంటన్నరలో బిడ్డ యెవరి పనియు కాకపోయెను.

తలకొక దిక్కుగా పరుగెత్తితిమి. మాలో చిన్నామె, వాని తల్లి, కేక వేయుటకు నోరు తెఱచినను శబ్దము రాలేదు. అప్పుడు పెద్దబాలుడు ఏడ్చుచు, "అగ్గిపెట్టె ఇచ్చినావిడ చెప్పింది కదమ్మా, ఏటి మొగవైపు పిల్లల్ని పోనివ్వద్దని" అనెను. అందఱమును ఆ దిక్కునకే పరుగిడితిమి.

దూరమున ఆ వృద్ధురాలు ఎదురు వచ్చుచుండెను. చీర నడుము వఱకు తడిసియున్నది. చంకలో మా చిన్నవాడు. వాని చేత ఎఱ్ఱని ప్లాస్టికు బకెటు. ఆ బకెటు నీటిలో కొట్టుకొనిపోవుచుండగా దాని వెంట దిగెనట. ఆమె చూచునప్పటికి నీరు వాని రొమ్ముల కంటియుండెనట.

"ఏటమ్మా, గుంటడ్ని ఇలాగ ఒగ్గేసినారు? ఇది ఏరు సంద్రంలో కలిసే సోటు. పైకి సల్లగానే అగుపిస్తాది, అడుగున లాగేస్తాది. మా గుంటల్నే ఇక్కడ దిగనివ్వం" అని ఆమె మమ్ములను గట్టిగా కేకలు వేసినది. ఆ కేకలంత తీయని మాటలు మేము మున్నెన్నడును వినలేదు. మా అత్తగారు ఆమె రెండుచేతులు పట్టుకొని, "అప్పా" అని మాత్రము అనగలిగిరి.

నది నీరును ఆటు నీరును కలిసి లోనికి పోవు వేళ అట్టి చోట ఈత తెలిసినవారికిని అపాయమే యని ఆమె వలన వింటిమి. అట్టి లాగుడులో చిక్కినవారు ఒడ్డున కెదురీది అలసిపోరాదు. తీరము వెంబడి ప్రక్కకు ఈది, లాగుడు తగ్గిన తరువాత ఒడ్డు చేరవలెను. సముద్రమునకు పోవు సోదరీమణులు ఈ మాటను పిల్లలకు ముందుగా నేర్పుట మేలు.

అందఱము తిరిగివచ్చి ఇసుకలో కూలబడితిమి. అత్తగారు ఆ వృద్ధురాలిని కూర్చుండబెట్టి, పండుగ అరిసెలు చేతిలో పెట్టిరి. ఆమె మొగమాటపడక తీసికొని, మనుమరాలి కింకొక రెండు అడిగి కొంగున కట్టుకొన్నది. మాటలలో 2021 సెప్టెంబరు 26వ తేదీన గులాబు తుఫాను ఈ చాయలనే తీరము దాటిన రాత్రి ప్రస్తావన వచ్చినది. అంతమంది పిల్లలను చీకటిలో నెట్లు కాచుకొన్నా రని మే మడిగితిమి.

"ఒక్కో గుంటకి ఒక్కో పెద్దోళ్లని ఒప్పజెప్పుకుంటాం. అందరూ సూస్తారంటే ఎవరూ సూడరమ్మా" అని చెప్పి, అరిసెల మూటతో ఆమె లేచిపోయినది.

ప్రొద్దు వాలుచుండెను. మా పెద్దవారు తలవంచుకొని, "అమ్మా, ఇంకా వెలుగుంది; స్నానానికి తీసుకు వెళతాను" అనిరి. అత్తగారు తల యూపలేదు.

"నా స్నానానికి తొందర లేదర్రా. యాభయ్యయిదేళ్లు ఆగింది, ఇంకో రాత్రి ఆగుతుంది. ముందు ఈ రాత్రికి ఏ బిడ్డ ఎవరిదో, పొయ్యి ఎవరిదో పేరు పెట్టి చెప్పండి. పొద్దున్నించి నా కోడళ్లలో ఒక్కత్తీ సముద్రం వైపు మొగం తిప్పలేదు. నేను చూస్తూనే ఉన్నాను."

ఎవ్వరును వెంటనే బదులు చెప్పలేదు. తరువాత మా ఆడుబిడ్డ పలకమీది సుద్దతో వ్యాను తలుపుపై పేర్లు వ్రాసినది. ఆర్గురు పిల్లలకు ఆర్గురు పెద్దలు, గంటగంటకు మార్పు. వంట, నీరు, గిన్నెలు: మూడు పనులకు అన్నదమ్ములు మువ్వురు. ప్రొద్దున మాలో చిన్నామె యడిగిన ప్రశ్నకు జవాబు ఆ తలుపుమీద కనబడినది.

ఆ రాత్రి యుప్మాలో ఉప్పు రెండుమారులు పడినది. నడిమివా రొకసారి, చిన్నవా రొకసారి వేసిరి. నీరు పోసి దానిని జావగా మార్చి, "ఇది సముద్రతీరపు వంటకం" అని పెద్దవారు వడ్డించిరి. మేము మాటాడక తింటిమి. వేఱొకరు వండిన అన్నము ఉప్పనైనను రుచిగనే యుండునని అక్కచెల్లెండ్రకు వేఱుగా చెప్పనక్కఱలేదు. పిదప మేము అత్తగారిని నడుమ నుంచుకొని తడి యిసుకలో కూర్చుంటిమి. చిన్నవాడు తల్లియొడిలో బకెటు పట్టుకొనియే నిద్రించెను. ఆమె ఆ రాత్రి యంతయు వాని చేయి విడువలేదు.

మఱునాటి వేకువ, ఏటి మొగకు దూరముగా ఆ వృద్ధురాలు చూపిన చోట, అత్తగారు మా భుజములు పట్టుకొని మూడు మునుగులు మునిగిరి. వెనుకకు చూచితిమి. వ్యాను దగ్గఱ పొగ లేచుచుండెను. కాఫీ కాచుట మా మఱదులవంతు. ఇటు ఒడ్డున ఆర్గురు పిల్లలును ఎవరి పెద్దల చేయి వారు పట్టుకొని నిలిచియుండిరి. మేము ఒకటి, రెండు అని లెక్కించుకొని, ఆ పిమ్మట మేమును నీట దిగితిమి.