ఒక పూట మలక్కా

పిల్లల దగ్గరికి కౌలాలంపూర్ వెళ్ళే తెలుగు తల్లిదండ్రుల షెడ్యూలు దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక ఆదివారం బాతు కేవ్స్, మరో ఆదివారం గెంటింగ్, మధ్యలో ఓ సాయంత్రం జంట టవర్ల కింద మెడలు నొప్పెట్టేదాకా ఫోటోలు. 2023 డిసెంబరు నుంచి మనవాళ్ళకు వీసా కూడా అక్కర్లేకపోవడంతో ఈ తీర్థయాత్ర ఇంకా తేలికైంది. అన్నీ చూసేశాక, తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు మిగిలితే అప్పుడు ఎవరికో మలక్కా గుర్తొస్తుంది.

బందరు నుంచి వచ్చిన ఆ దంపతులకు అలాగే గుర్తొచ్చింది. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆవిడ హైస్కూల్లో సోషల్ టీచరు. కొడుకు ఆఫీసుకెళ్ళాక ఇద్దరూ టి.బి.ఎస్. టెర్మినల్లో బస్సెక్కారు. నూట యాభై కిలోమీటర్లు, రెండు గంటలు. దారంతా ఆయిల్ పామ్ తోటలు. ఆయన ఏలూరు దాటినట్టే ఉందని చెప్పి నిద్రపోయారు.

ఆవిడ మాత్రం పాఠం సిద్ధం చేసుకునే వచ్చారు. పదిహేనో శతాబ్దంలో మధ్యధరా సముద్రానికి వెనిస్ ఎలాంటిదో ఈ తూర్పు సముద్రాలకు మలక్కా అలాంటిది. పైగా రెండూ ఒకే తాటికి రెండు కొసలు. మొలక్కస్ దీవుల లవంగాలు, జాజికాయలు ఈ రేవులో చేతులు మారి, గుజరాత్ మీదుగా ఎర్రసముద్రం, అక్కణ్ణించి అలెగ్జాండ్రియా, చివరికి వెనిస్ అంగళ్ళకు చేరేవి. 1512లో ఇక్కడికి వచ్చిన తోమే పిరెస్ అనే పోర్చుగీసు మందుల వ్యాపారి మలక్కాను పట్టుకున్నవాడి చేతిలోనే వెనిస్ ప్రాణం ఉంటుందన్న అర్థంలో రాసిపెట్టాడు. పోర్చుగీసులు అంతకు ముందు ఏడాది, 1511లోనే పట్టుకున్నారు. తర్వాత 1641లో డచ్చివాళ్ళు, మధ్యలో కొన్నాళ్ళు తాత్కాలికంగానూ 1824 ఒప్పందంతో పూర్తిగానూ బ్రిటిషువాళ్ళు. నగరం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవాలంటే ఏ ఏడాదో ముందు అడగాలి.

డచ్ స్క్వేర్‌లో దిగగానే ఎరుపు. 1650 నాటి స్టాడ్‌హౌస్ ఎరుపు, 1753 నాటి క్రైస్ట్ చర్చి ఎరుపు, గడియార స్తంభం ఎరుపు. టూరిస్టులంతా దీన్ని డచ్చి ఎరుపనుకుని మురిసిపోతారు కానీ డచ్చివాళ్ళ కాలంలో ఈ చర్చి తెల్లగా ఉండేది. రంగు బ్రిటిషు హయాంలో పడింది. దాని ముందు హలో కిట్టీ బొమ్మలతో, ప్లాస్టిక్ పూలతో, చెవులు పగిలే పాటలతో రిక్షాలు. "మన వినాయకుడి ఊరేగింపు నయం," అన్నారు ఆయన. అన్నాక అందులోనే ఎక్కి ఫోటో దిగారు.

ఊరు పుట్టిన కథ ఆవిడకు బాగా నచ్చింది. సుమాత్రా నుంచి తరిమేస్తే వచ్చిన పరమేశ్వరుడనే రాజు 1400 ప్రాంతంలో ఇక్కడ వేటాడుతుంటే, కుందేలంత ఉండే మూషిక జింక ఆయన వేటకుక్కను నదిలోకి తన్నిందట. ఈ నేలకే పౌరుషం ఉందనుకుని రాజధాని కట్టాడట. హరిహర బుక్కరాయలకు కుందేళ్ళు కుక్కల్ని తరిమిన చోటు కనిపించిన కథ మనకుండనే ఉంది. పరమేశ్వరుడు అప్పుడు ఆనుకుని నిలబడింది మలక్కా చెట్టుకు. అంటే ఉసిరి చెట్టు. "కార్తీకమాసంలో అయితే అక్కడే వనభోజనం చేసేవాళ్ళేమో," అన్నారావిడ.

కొండెక్కితే సెయింట్ పాల్ చర్చి శిథిలం. 1553లో ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయాన్ని గోవాకు తీసుకెళ్ళే ముందు కొన్ని నెలలు ఇక్కడే ఉంచారు. బయట ఉన్న ఆయన విగ్రహానికి కుడిచెయ్యి లేదు. సరుగుడు చెట్టు విరిగిపడి పోయిందంటారు. విచిత్రమేమంటే అసలు దేహం కుడి ముంజేతిని కూడా 1614లో రోముకు పంపేశారు. కొండ కింద పోర్చుగీసు కోట. కోటంటే ఒక గుమ్మం. 1807లో బ్రిటిషువాళ్ళు గోడల్ని పేల్చేయగా మిగిలింది అదొక్కటే. దాని నుదుట డచ్చివాళ్ళు చెక్కించుకున్న 1670 అంకె.

నది దాటితే వేరే ఊరు. తుకాంగ్ ఎమాస్ వీధిలో 1748 నాటి మసీదు, పక్కనే డచ్చివాళ్ళిచ్చిన స్థలంలో తైవనాయగం చెట్టి 1781లో కట్టించిన వినాయకుడి గుడి, ఆ వరసలోనే పదిహేడో శతాబ్దపు చీనా గుడి. పాలకులు కట్టినవాటిలో చాలావరకు మ్యూజియాలూ ఫోటో స్టూడియోలూ అయ్యాయి. వర్తకులు కట్టుకున్న చోట ఇంకా హారతి వెలుగుతోంది, నమాజు సాగుతోంది, అగరుపొగ లేస్తోంది. ఈ ఊరిని ఇక్కణ్ణించి మొదలుపెట్టి చూడాలి గానీ, గైడులు మాత్రం ఎరుపు దగ్గరే గంటన్నర తినేస్తారు.

ఆ వర్తకుల మూటల్లో ఉన్నది మన బట్ట. పిరెస్ కాలంలో ప్రళయకావేరి రేవు నుంచి, తర్వాత డచ్చివాళ్ళు 1605లో గిడ్డంగి పెట్టాక బందరు నుంచి, కోరమాండల్ నేతబట్ట, అద్దకాలు ఓడలకెక్కి తూర్పు దీవులన్నిటా పరుచుకున్నాయి. "మన దగ్గర వాళ్ళవి సమాధులు మిగిలాయి, ఇక్కడ చర్చి మిగిలింది," అన్నారు బందరాయన. ఒక్క వాక్యంలో చరిత్ర తేల్చేసి చెండోల్ దుకాణం వెతుక్కున్నారు. తురిమిన మంచు, కొబ్బరిపాలు, ఆకుపచ్చని సేమ్యాల్లాంటి పిండి తీగలు, మీద కొబ్బరి నీరాతో కాచిన నల్లబెల్లం పాకం. షుగరు సంగతి ఆవిడ గుర్తుచేశారు. ఆయనకు వినబడలేదు.

చివరగా గాజా బెరాంగ్‌లో చిట్టిల పేట. సుల్తానుల కాలంలో వచ్చి స్థానిక స్త్రీలను పెళ్ళాడి ఇక్కడే ఉండిపోయిన చెట్టి వర్తకుల సంతతి వీళ్ళు. ఇంట్లో మాట మలయ్, ఆడవాళ్ళ కట్టు సారంగ్ కెబాయా, దేవుళ్ళు మాత్రం మారియమ్మ, వినాయకుడు. సంక్రాంతి ముందు రోజు వీళ్ళూ భోగి చేస్తారని, ఆ రోజు పెద్దలకు అరిటాకుల్లో వడ్డిస్తారని పేటలో ఒక పెద్దాయన ఇంగ్లీషులో చెప్పారు.

"ఏం వడ్డిస్తారు?" అని అడిగారావిడ.

పోయినవాళ్ళకు ఏది ఇష్టమైతే అదేనన్నారు పెద్దాయన. చేపలైనా సరే.

"మా నాన్నకి రొయ్యల ఇగురు ప్రాణం. తద్దినానికి ఏనాడూ పెట్టనివ్వలేదు," అన్నారు భర్త.

"మామయ్యగారు ఇక్కడ పుట్టాల్సిందండీ," అని ఆవిడ టైము చూసుకున్నారు. ఆరింటి బస్సుకు ఇంకా ముప్పావుగంట ఉంది.