హన్నమ్మ పేరులో 'హ'

మాదాపూర్‌లో మా బాల్కనీలోంచి చూస్తే సైబర్ టవర్స్ గుండ్రటి భవనం కనిపిస్తుంది. 1998లో అది తెరిచాక దాని చుట్టూ లేచిన ఈ ఊళ్ళో ఎవరి మెడలో చూసినా పేరున్న కార్డొకటి వేలాడుతూ ఉంటుంది. మా వంటమనిషి మెడలో కూడానండోయ్! గేటు దగ్గర చూపించాలని అపార్ట్‌మెంటు వాళ్ళిచ్చారు. మొన్న దాన్ని తీసి గట్టుమీద పెడితే చదివాను. 'హన్నమ్మ' అని ఉంది.

మూడేళ్ళుగా నేను 'అన్నమ్మా' అని పిలుస్తున్నాను! అన్నం వండుతుంది గనుక అన్నమ్మ. అదీ నా పాండిత్యం.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాను.

"పిలిస్తే పలుకుతున్నాగదండీ" అంది, పోపు వేస్తూ.

వాళ్ళది బాపట్ల దగ్గర పల్లె. చాలా ఏళ్ళు పిల్లల్లేక మొక్కుకుంటే పుట్టిందని, వాళ్ళమ్మ బైబిల్లోంచి ఏరి పెట్టిందట ఆ పేరు.

ఈ సంగతి చెబితే మా అమ్మాయి నవ్వింది. రాత్రిళ్ళు అమెరికా నుంచి వీడియోలో మాట్లాడే వాళ్ళ పెద్ద మేనేజరు పేరూ హన్నాయేనట. ఆవిడ కనపడుతుందంటే చాలు, మా పిల్ల తల దువ్వుకుని మరీ కూర్చుంటుంది.

ఇక ఊరుకోలేక తెలుసుకున్నాను. హీబ్రూలో ఆ పేరుకు కృప, కరుణ అని అర్థం. మొదట్లో 'హ' గొంతులోంచి గీరుకుంటూ రావాలి. గ్రీకుల నోట ఆ ధ్వని నిలవక 'అన్నా' అయింది. (నేనూ గ్రీకుల్లో చేరానన్నమాట!) యోహాను పేరులోనూ ఉన్నది ఈ ధాతువే.

బైబిల్లో హన్నాకు పిల్లల్లేరు. సవతి పెనిన్నా దెప్పిపొడిచేది. షిలోహు మందిరంలో పెదవులు మాత్రం కదుపుతూ ఏడుస్తుంటే, యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఆడది లోలోపల కుమిలితే మగవాళ్ళకి అలాగే కనిపిస్తుంది కాబోలు! ఆ తర్వాత సమూయేలు పుట్టాడు. పాలు మాన్పించగానే, మొక్కు ప్రకారం వాణ్ణి మందిరంలోనే వదిలింది. ఏటేటా చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్ళేది.

ఈ కథంతా హన్నమ్మకి చెప్పబోయాను.

"తెలుసండీ" అంది. కాసేపాగి, "మావాడూ హాస్టల్లోనేగదండీ. క్రిస్మస్‌కి చొక్కా పట్టుకెళ్తా. కిందటేడుది చేతులు చాల్లేదంట" అంది.

ఈసారి గుడ్డ నేను కొంటాను, కొలత చెప్పమన్నాను. చెయ్యి కొంగుకి తుడుచుకుని, తన భుజం దగ్గర ఒకసారి, చెవి దగ్గర ఒకసారి పెట్టి చూసుకుంది.

"ఏమోనండీ" అంది.