మృతుని వాఙ్మూలము

అపరాధ పరిశోధక నవల యనినంతనే తెలుగు పాఠకునకు నగరమే స్ఫురించును. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరును, సహాయకుడు రాజును హంతకులను తరుముచుండ, దీపమార్పక ఆ పుస్తకములను ముగించిన తరమునకు హత్య యనగా పట్టణపు వ్యవహారము. ఆంగ్లదేశమున అట్లు గాదు. అగాథా క్రిస్టీ 1930లో సెయింట్ మేరీ మీడ్ అను కల్పిత గ్రామమున మతగురువు ఇంట శవమును పడవైచి, ఊరివారి నడతలన్నియు కనిపెట్టియుండు మిస్ మార్పుల్ అను వృద్ధకన్యచేత చిక్కు విప్పించినది. అట్టి గ్రామనవల మనకును కావలెనన్నచో, నేను సవర గిరిజనులు నివసించు సీతంపేట కొండలను కోరుదును.

నిజమునకు పల్లె హత్యలో చిక్కుముడి యరుదు. మానవశాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్ బస్తరు మారియా గిరిజనుల నూరు హత్యోదంతములను పరిశీలించి 1943లో వెలువరించిన గ్రంథమున కనబడునవి త్రాగుడు, కలహము, చేతబడి శంక వంటి కారణములే. కావున ముడిని రచయితయే వేయవలెను. సామగ్రిని కొండ యిచ్చును. సవరల యిండ్లు గోడకు గోడ చేర్చి వరుసగా నుండును గనుక ఒకరు దగ్గిన పొరుగువారికి వినబడును. గడియ వేసిన గదిలో శవమను పాశ్చాత్య చమత్కారమున కిచట తావు లేదు. దానికి బదులు జీలుగు చెట్టున్నది. వేకువను దించిన కల్లు తియ్యగా నుండి ప్రొద్దెక్కినకొలది పులియును. శవము ప్రక్కనున్న ఆనపబుర్రను వాసన చూచి, అది ఎప్పటి కల్లో ఊరి ముసలివాడు చెప్పగలడు. (రుచి చూడుమని మాత్రము నేను చెప్పను.)

అంతకన్న గొప్ప విషయము మఱియొకటి కలదు. ఒడిశా వైపు సవరల నడుమ నివసించిన పియర్స్ విటెబ్స్కీ 1993నాటి తన గ్రంథమున వర్ణించినట్లు, చనిపోయినవాడు కురన్ అను పూనకపు మనిషి నోట పలుకును. బంధువులు చుట్టుచేరి అతనిని ప్రశ్నింతురు, వాదింతురు, నిష్ఠురము లాడుదురు. పరిశోధక కథలో అతిమానుష శక్తులు కూడవని రొనాల్డ్ నాక్స్ 1929లో నియమము పెట్టెను గదా యందురేమో! మృతుని మాటను తీర్పుగా గాక వాఙ్మూలముగా గ్రహించినచో ఆ నియమమునకు భంగము లేదు. జీవించియున్న సాక్షివలెనే అతడును తమ్ముని కాపాడుటకై దాచవచ్చును, పగతో అధికముగా చెప్పవచ్చును. ఆ నోట ఆ మాట నుంచినదెవరను ప్రశ్నయే నవలకు ప్రాణము. సవర యువతరమున పలువురు క్రైస్తవులై మృతులతో మాటలు మానిరని విటెబ్స్కీయే 2017లో వ్రాసెను. కొడుకు అడుగనొల్లని ప్రశ్నను తల్లి అడుగగోరు ఇల్లు ఎంతటి కథకు చాలదు!

ఇక మైదానము నుండి వచ్చిన ఎస్సైకి సవర రాదు. దుబాసీ చెప్పినదే అతనికి సాక్ష్యము. నా దృష్టిలో మొదట అనుమానింపవలసినది ఆ దుబాసీనే. సవర నేర్చి 1931లో వ్యాకరణము వెలువరించిన గిడుగు రామమూర్తి పంతులుగారు (ఈ గ్రాంథికమును చూచిన మండిపడెడివారే) ఆ యిబ్బందిని బాగుగా నెఱుగుదురు. అందుచేత ఈ నవలను నావంటివాడు వ్రాయరాదు, ఆ భాష ఇంటిలో మాటలాడుకొనువారే వ్రాయవలెను. సీతంపేట బడులలో తెలుగు చదివిన సవర యువకులారా, యువతులారా, ఆ పని మీది.