పేరుకే మన ఫోను

మన ఇళ్ళల్లో ఫోను పేరుకే మనది. పొద్దున అత్తమ్మ భజనలు, బడి నుంచి రాగానే పిల్లల కార్టూన్లు, రాత్రి ఆడపడుచుతో వీడియో కాల్. అందరి చేతులూ తిరిగి, ఛార్జింగ్ అయిపోయాక మన దగ్గరికొస్తుంది. ఆదోనిలో మా ఇంట్లోనూ అంతే, ఎమ్మిగనూరులో మా పుట్టింట్లోనూ అంతే.

దీనిమీదా పరిశోధన జరిగిందని తెలిసి ఆశ్చర్యపోయాను. నిత్యా సాంబశివన్ బృందం భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో 199 మంది ఆడవాళ్ళతో మాట్లాడింది. ఫోను అందరికీ ఇస్తూనే వాళ్ళు తమ గుట్టు ఎలా కాపాడుకుంటున్నారో 2018లో అమెరికాలో, బాల్టిమోర్ సదస్సులో చెప్పింది. ఫోనుకి లాక్, యాప్‌లకి విడిగా తాళం, చూసింది చెరిపెయ్యడం, కొన్ని అసలు ఫోనులోనే పెట్టుకోకపోవడం. మనుషులు కంప్యూటర్లని ఎలా వాడుతున్నారో చర్చించే 'కై' సదస్సు మరుసటేడు గ్లాస్గోలో జరిగితే, అక్కడ దొంగ ఖాతాల వేధింపుల గురించీ చెప్పింది.

చెరిపెయ్యడం అనగానే మా వదిన గుర్తొచ్చింది. నెలసరి తేడాగా ఉందని రాత్రిళ్ళు ఫోనులో చదివేది. తెల్లారితే మా మేనల్లుడు తీసుకుంటాడని అంతా చెరిపేసేది. అలా మూడు నెలలు ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చింది. ఉగాదికి నాతో అంటే, ఆదోనికి పిలిపించి డాక్టరమ్మకి చూపించాం. రక్తం బాగా తగ్గిపోయిందట. మందులతో ఇప్పుడు తేరుకుంది.

"దాచేదేముంది?" అంటారు ఇంట్లో. తప్పేమీ లేకపోయినా, మనకంటూ ఒక మాట ఉండొద్దూ? ఫోను మాత్రం ఒక్క మనిషి కోసమే అన్నట్టు తయారవుతోంది. అది మారేదాకా, అమ్మ ఫోను తీసుకునే ముందు అడగాలని పిల్లలకి మనమే నేర్పుదాం. మీ ఇంట్లో ఎలాగో చెప్పండి.