మారిషసు దీవిలో ఒక వేసవి

మా కోనసీమనుండి గౌతమి దాటి, యానాము మీదుగా కాకినాడకు పోవు దారిలో కోరంగి యను చిన్న యూరు కలదు. నేడు అచ్చట చూడదగినవి మడ అడవులును, వానిలో వ్రాలు నీటిపక్షులును. రెండువందల యేండ్ల క్రిందట అది పేరుపొందిన రేవు. ఓడలు కట్టు పనివాండ్రును, దేశదేశముల వర్తకులును అచ్చట మసలెడివారు. 1789లో నొకమాఱును, 1839లో నొకమాఱును వచ్చిన ఉప్పెనలు ఆ రేవును పాడుచేసినవి. ఊరు చిన్నబోయినను దాని పేరు మాత్రము సముద్రములు దాటినది. బర్మాలో తెలుగువారిని కోరంగీలనిరి. హిందూమహాసముద్రములో ఆఫ్రికాకు చేరువగా నున్న మారిషసు దీవిలోను తెలుగువారికి అదే పేరు పడినది. మన పొరుగూరి పేరు మోయుచు, సుమారు అయిదువేల కిలోమీటర్ల దూరమున, తరతరములుగా బ్రతుకుచున్న ఆ చుట్టములను చూచు భాగ్యము గడచిన వేసవిలో మాకు కలిగినది. ఆ సంగతులు సోదరీమణులకు విన్నవించుకొందును.

మా మఱది ఆ దీవిలో నొక వస్త్రపరిశ్రమలో ఉద్యోగి. బడులకు సెలవులియ్యగానే మా అత్తగారు, మావారు, నేను, మా పదేండ్ల అబ్బాయి, హైదరాబాదులో చదువుకొనుచున్న మా ఆడపడుచు కుమార్తె, ఇందరమును బయలుదేరితిమి. రాజమహేంద్రవరమున విమానమెక్కి ముంబయి చేరి, అచ్చటనుండి ఆఱు గంటలకు పైగా సముద్రముమీద నెగిరి దీవిలో దిగితిమి. గడియారములను గంటన్నర వెనుకకు త్రిప్పుకొంటిమి. తెరచాప ఓడలలో వారములకొలది ఉప్పుగాలి త్రాగుచు పోయిన ఆనాటివారి ప్రయాణమును తలచుకొన్నచో, మా కాళ్లు తిమ్మిరెక్కిన మాట చెప్పుకొనుటకు సిగ్గు కలిగినది.

మనకు వేసవి వచ్చినపుడు వారికి చలికాలము. ఇది పుస్తకములలో చదివినదే యైనను ఒడలికి తెలిసినగాని నమ్మకము కలుగలేదు. మా మఱది కాపురమున్న కాత్ర్ బోర్న్ పట్టణము మెరకమీద నున్నది. ఉదయమున చల్లనిగాలియు, సన్నని తుంపరయు. మా అత్తగారు రగ్గు కప్పుకొని కూర్చుండి, “రోళ్లు పగిలే రోహిణికార్తెలో నేను రగ్గు కప్పుకున్నానంటే మన ఊళ్లో ఎవరైనా నమ్ముతారుటే అమ్మాయీ?” అనిరి. మరియొక వింత యేమనగా, అచ్చట ఆ నెలలలో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరమున నుండును. ఇంటి అలవాటున అత్తగారు అప్పడములను దక్షిణపు అరుగుమీద ఆరబెట్టిరి. అవి నీడపట్టున మెత్తబడుట చూచి, మఱునాడు ఉత్తరపువైపునకు మార్చిరి.

దీవి చిన్నది. ఆ కొననుండి ఈ కొనకు అఱువదియైదు కిలోమీటర్లు మాత్రమే. నడుమ నల్లరాతి కొండలు, చుట్టును పగడపు దిబ్బలు, వాని లోపల నిశ్చలమైన నీలపు నీరు. సాగునేలలో విశేషభాగము చెఱకుతోట. మేము పోయిన దినములలో చెఱకు పూతకు వచ్చి, వెండి కుచ్చులవలె గాలికి ఊగుచుండెను. ఆ చెఱకే మనవారిని అచ్చటికి ఈడ్చుకొనిపోయినది.

ఆ కథ తెలియగోరువారు మొదట రాజధానియైన పోర్ట్ లూయీ రేవున ‘ఆప్రవాసీ ఘాట్’ చూడవలెను. ఆంగ్లేయులు 1835లో ఆ దీవిలో బానిసత్వమును రద్దుచేసిరి. తోటలకు చవుకగా పనివారు కావలసివచ్చిరి. 1834 నవంబరు 2వ తేదీన ‘అట్లాస్’ అను ఓడ ముప్పదియాఱుగురు కూలీలను దింపినది. నాటినుండి 1920ల వఱకు సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా వచ్చిరి. వారిలో గోదావరి, విశాఖపట్నము, గంజాము ప్రాంతముల తెలుగువారును గలరు. ఓడ దిగిన ప్రతివారును ఈ రేవున పదునాఱు రాతిమెట్లెక్కి, లోపల రెండుమూడు దినములు నిలిచి, అచ్చటనుండి తోటలకు పోవలసియుండెను. 1849లో కట్టిన ఆ కట్టడములలో మిగిలిన గోడలను, వంటశాలను, ఆస్పత్రి గదులను చూచితిమి. 2006లో యునెస్కోవారు దీనిని ప్రపంచవారసత్వస్థలముగా గుర్తించిరి.

మనిషి మనిషికిని ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రిపేరు, ఊరు, పొడవు, ఒంటిమీది పుట్టుమచ్చలు చిట్టాలలో వ్రాసికొనిరట. కొంతకాలమునకు పిమ్మట ఛాయాచిత్రములును తీసిరి. ఆ చిట్టాలు నేటికిని మోకా అనుచోట నున్న మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. తాతముత్తాతల సంఖ్య తెలిసినవారు అచ్చటికి పోయి తమ పుట్టినయూరి పేరు తెలిసికొనుచున్నారు. మా అత్తగారు మెట్లకడ చెప్పులు విడిచి, మొదటి మెట్టును చేతితో తాకి కన్నుల కద్దుకొనిరి. “ఎన్ని పుట్టిళ్లు ఇక్కడ తెగిపోయాయో!” అని మాత్రము పలికిరి. దీవి నైరృతి కొనను లెమోర్న్ అను కొండ కలదు. పారిపోయిన ఆఫ్రికా బానిసలు దానిపై దాగియుండెడివారట. విడుదల వార్త చెప్పవచ్చిన భటులను పట్టుకొనవచ్చిన వారనుకొని వారు కొండపైనుండి దూకి మరణించిరని జనులు చెప్పుదురు. చెఱకుతీపి వెనుక రెండు జాతుల కన్నీరు కలదని ఆ రెండు చోటులును చూచినవారికి తెలియగలదు.

ఇక సంతోషకరమైన సంగతులు. పోర్ట్ లూయీ అంగడి చూచినపుడు మాకు ఊరు విడిచివచ్చితిమను తలపే పోయినది. మునగాకు కట్టలు కట్టి అమ్ముచున్నారు. దానిని వారు ‘బ్రెద్ మురుమ్’ అందురు. ఫ్రెంచిమాటయు అఱవమాటయు అందులో కలిసిపోయినవి. పచ్చడిని ‘సాతినీ’ యనియు, చారును ‘రసోం’ అనియు పిలుతురు. ‘గాతో పీమా’ యనుచు వీధిలో వేడివేడిగా అమ్మునవి బఠాణీపప్పు రుబ్బి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ చేర్చి వేయించిన గారెలే. మా అత్తగారు ఒకటి తిని, “కొంచెం అల్లం పడాలి” అని తీర్పు చెప్పిరి. ఫ్రెంచివారు 1715నుండి 1810వఱకు ఏలినందున దేశభాష ఫ్రెంచిమాటల కలగలుపైన క్రియోలు. ఏ జాతివారైనను ఇంటను, బజారునను మాటాడునది అదియే.

ఆదివారములందు మా మఱది మమ్ములను తన బండిలో త్రిప్పుచుండెను. పాంప్లెమూస్ అను గ్రామమున ఒక పెద్ద వనము కలదు. పియేర్ ప్వావ్ర్ అను ఫ్రెంచి అధికారి 1767 తరువాత లవంగము, జాజికాయ మొక్కలను తూర్పుదీవులనుండి తెప్పించి అచ్చట పెంచెను. ఆయన యింటిపేరునకు అర్థము మిరియము. కొలనిలో చాటలకంటె పెద్దవైన ఆకులు గల కలువలు నీటిపై పరచుకొనియున్నవి. నన్ను నిలువబెట్టినది మాత్రము శ్రీతాళవృక్షము. మన పూర్వులు గ్రంథములు వ్రాసికొనిన ఆకు ఈ చెట్టుదే. అది ఏబది, అఱువది యేండ్లు పెరిగి, జీవితములో నొక్కమాఱే ఆకాశమునకు గొడుగు పట్టినట్లు పూచి, కాయలు పండగానే మరణించును. మా పితామహుని తాటాకు పుస్తకములను ముట్టుకొని పెరిగినదానను గనుక దాని నీడన కొంతసేపు కూర్చుంటిని.

షమరెల్ అనుచోట ఏడురంగుల మట్టిదిబ్బలు చూచితిమి. అగ్నిపర్వతపు రాయి కాలక్రమమున చివికి, అందలి ఇనుము మొదలగువానివలన ఎఱుపు, గోధుమ, ఊదా రంగులు తేలినవట. అచ్చటనే యున్న పెద్ద తాబేళ్లను మా అబ్బాయి విడిచి రాలేదు. డోడో పక్షి ఎముకల గూడును రాజధానిలోని ప్రదర్శనశాలలో చూచితిమి. ఎగురలేని ఆ పక్షి మనుష్యులు దీవికి వచ్చిన నూఱేండ్లలోపలనే నశించినది.

కొండలమీది గంగాతలావు వారికి కాశి. 1897లో ఒక పూజారికి ఆ సరస్సు గంగతో కలిసియున్నదని కల వచ్చెనట. 1972లో నిజముగనే గంగాజలము తెచ్చి అందులో కలిపిరి. ఒడ్డున నూటయెనిమిది అడుగుల శివుని విగ్రహము కలదు. శివరాత్రికి లక్షలమంది నడచివత్తురట. మేము పోయిననాడు పొగమంచులో కోతులును, మేమును మాత్రమే యుంటిమి.

ఇవన్నియు కన్నులకు విందు. నా మనసున నిలిచినది వేఱొకటి. ఒక శనివారపు రాత్రి దక్షిణపువైపున ఒక పల్లెలోని తెలుగువారి రామభజనమునకు పోయితిమి. దేవళములో నడుమ పెద్ద దీపస్తంభము నిలిపి, స్త్రీలు, పురుషులు, పిల్లలు తాళములు వేయుచు దానిచుట్టును తిరుగుచు తెల్లవారువఱకు పాడుదురు. ఈ భజనయు, సింహాద్రి అప్పన్న పూజయు, అమ్మోరు పండుగయు వారు పోగొట్టుకొనని సొమ్ములు. పాటలోని ప్రతి మాటయు తెలుగే. పాట ముగియగానే వారు మాటాడుకొనునది క్రియోలు.

దేవళపు గోడమీద నొక పలక తెలుగున వ్రాసియుండెను. అచ్చటి బాలిక యొకతె, పదునొకండేండ్లది, మా మేనకోడలికి చూపుటకై అక్షరమక్షరము కూడబలుకుకొని చక్కగా చదివినది. ఏమి చదివినదో దానికి తెలియదు. మా మేనకోడలు ఆంగ్లపు బడిలో చదువుకొనునది; తెలుగు మాటాడగలదు గాని చదువలేదు. అది విని ఫక్కున నవ్వి, “దీపం దగ్గర ఆడుకోవద్దని రాశారు!” అని ఆంగ్లమున ఆ పిల్లకు చెప్పినది. అప్పటికి ఇద్దరును దీపముచుట్టు పరుగులిడుచునేయుండిరి! నేను నవ్వితిని గాని పిమ్మట ఆలోచనలో పడితిని. ఒకతెకు అక్షరము కలదు, మాట లేదు. మరియొకతెకు మాట కలదు, అక్షరము లేదు. ఇద్దరు కలిసినగాని ఆ పలక పూర్తిగా చదువబడలేదు.

ఆ బాలిక అక్షరములు నేర్చినది బడిలో. ఆ దేశపు ప్రభుత్వము ప్రాథమిక పాఠశాలలలో పూర్వుల భాషగా తెలుగును నేర్పించుచున్నది. ఉగాదికి దేశమంతటను సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అచ్చటనే జరిగినవి. తెలుగు వంశమున 1973లో అచ్చట పుట్టిన నతాషా అప్పన్న యను రచయిత్రి కూలీల వలసకథను నవలగా వ్రాసి 2003లో ప్రకటించినది. అది ఫ్రెంచిభాషలో నున్నది. ఇంటిపేరున సింహాద్రి అప్పన్న యున్నాడు, కలమున ఫ్రెంచి యున్నది. భాష పోయినను కథ చెప్పుకొనవలెనను ఆరాటము పోదని దీనివలన తెలియుచున్నది.

ఆ రాత్రి నా ప్రక్కన నొక వృద్ధురాలు కూర్చుండెను. ఆమె మనుమరాలు బడిలో తెలుగు చెప్పు ఉపాధ్యాయిని. ఆ పిల్ల నడుమ నుండి మాటలు అందించుచుండగా వృద్ధురాలు నన్ను అడిగినది: “మా అమ్మ పాడిన పాటలో ‘వాకిలి’ అని వచ్చును. వాకిలి యనగా నేమి?” ఆమెకు ఎనుబదియేండ్లుండవచ్చును. అన్నియేండ్లును అర్థము తెలియకయే పాడినది! నేను చెప్పబోవునంతలో మా అత్తగారు లేచి, ఆమె చేయిపట్టుకొని దేవళపు గుమ్మము ముందఱికి తీసికొనిపోయి, వంగి నేల ఊడ్చినట్లును, కల్లాపి చల్లినట్లును, ముగ్గు వేసినట్లును చేసి చూపి, “ఇదమ్మా వాకిలి!” అనిరి. ఆ ముసలమ్మ నోటిపై చేయి వేసికొని, నవ్వుచు, కన్నీరు తుడుచుకొనుచు, ఆ నేలను చాలసేపు చూచినది. తిరిగివచ్చి అదే పాట మరల పాడినది.

ఆమె మనుమరాలు పిమ్మట నాతో మెల్లగా ననినది: తన తరగతిలో పిల్లలు ఏటేట తగ్గుచున్నారట. ఉద్యోగమునకు పనికిరాని భాష ఎందులకని తలిదండ్రులు అడుగుచున్నారట. ఈ ప్రశ్న మన అమలాపురములోను, రాజోలులోను విననిది కాదు గదా!

తిరిగివచ్చునపుడు ఆరుబయట నిలిచి ఆకాశము చూచితిమి. త్రిశంకుడు దక్షిణపు ఆకాశమున కానవచ్చుచున్నాడు. ఉత్తరమున ధ్రువుని వెదకితిమి గాని కానరాలేదు. భూమధ్యరేఖకు దక్షిణమున ధ్రువుడు భూమి చాటున పడునని మావారు అబ్బాయికి వివరించిరి. సప్తర్షులు మాత్రము తలక్రిందులుగా, చెట్లతలల పైగా కనబడిరి. వారిలో వసిష్ఠుని ప్రక్కన అరుంధతి సన్నగా మినుకుమినుకుమనుచుండెను. ధ్రువుడు మఱుగుపడిన దేశమునను అరుంధతి మిగిలియున్నదని అత్తగారు చేతులు జోడించిరి. రాజులు, రేవులు, ఓడలు పోయిన పిమ్మటను ఆ దీవిలో తెలుగును ఇంతవఱకు నిలిపినది ఎవరని నన్నడిగినచో, పిల్లలను ఒడిలో బెట్టుకొని అర్థము తెలియని పాటనైనను మానక పాడిన తల్లులే యందును.

బీహారునుండి వచ్చిన స్త్రీలు అచ్చట పెండ్లిండ్లలో పాడు ‘గీత్ గవాయి’ పాటలను 2016లో యునెస్కోవారు మానవజాతి వారసత్వముగా గణించిరి. ఆడువారి పాటకు అంతటి గౌరవము కలిగినది. మన యిండ్లలోని మంగళహారతులు, లాలిపాటలు, అప్పగింతపాటలు ఎన్ని మన అత్తలతోడను, అమ్మలతోడను పోవుచున్నవో మన మెఱుగుదుము.

కనుక సోదరీమణులారా, నాదొక మనవి. ఈ సెలవులలో ఇంట పెద్దలున్నవారు దినమున కొక పాటను వారిచేత పాడించి, పిల్లలచేతనే తెలుగున వ్రాయింపుడు. తెలియని మాట వచ్చినచోట ఆ పెద్దలనే అర్థమడిగి ప్రక్కన వ్రాయింపుడు. వ్రాయుటవలన పిల్లలకు అక్షరము వచ్చును. అడుగుటవలన మాట నిలుచును. మీ బిడ్డలు గాని, తోబుట్టువులు గాని పరదేశములలో నున్నచో ఆవకాయ జాడీతోపాటు ఒక పెద్దబాలశిక్షయు, ఆ పాటల పుస్తకమును పంపుడు. మా అత్తగారు ఇప్పటికి పదునాలుగు పాటలు చెప్పిరి. మా మేనకోడలు సెలవులు ముగియులోపల వానిలో ఆఱింటిని తన చేతితో వ్రాసినది. అవి అర్థములతో సహా ఆ ముసలమ్మకు చేరినవి.